ముప్పై రూపాయల గుమాస్తా – ట్రినిటీ కళాశాల



మన సంఘ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందని కార్యదర్శి గారు అడిగినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. దేశ నాయకుల గురించి, కవుల గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నాకు తెలిసిన లోకం తపాలు, ఫైళ్ళు, జీతాల బిల్లులు. అందుచేత మన గుమాస్తా కులం నుంచే ఒక మహనీయుణ్ణి ఎంచుకున్నాను. ఆయన శ్రీనివాస రామానుజన్ గారు. ప్రపంచానికి ఆయన గణిత మేధావి. నాకు మాత్రం ముందుగా మద్రాసు పోర్టు ట్రస్టు అకౌంట్సు సెక్షనులో మూడవ తరగతి, నాలుగవ గ్రేడు గుమాస్తా.

ఆయన గురించి వ్రాయాలనిపించడానికి ఇంకొక కారణం ఉంది. 2016లో ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరకు నేనూ మా ఆవిడా వెళ్ళాము. ఒక శనివారం అల్లుడు గారు మమ్మల్ని కేంబ్రిడ్జి తీసుకువెళ్ళారు. అక్కడ రామానుజన్ గారు చదివిన ట్రినిటీ కళాశాలను కళ్ళారా చూశాను. పుస్తకాలలో చదివినది వేరు, ఆ గడప దగ్గర నిలబడడం వేరు.

మన ఊళ్ళో కళాశాల అంటే తరగతి గదులు, ఒక ఆట స్థలం, సాయంత్రం తాళం. ఇంగ్లండులోని పాత కళాశాలలు అలా కాదు. కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయం ఒకటే గానీ, దానిలో కళాశాలలు అనేకం. ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న సంస్థానం వంటిది. దేని ఆస్తి దానిది, దేని ప్రార్థనా మందిరం దానిది, దేని భోజనశాల దానిది. విద్యార్థులూ, గురువులూ ఒకే ప్రాకారంలో నివసిస్తారు. కళాశాలకు పెద్దను మాస్టరు అంటారు. ఆయనతో పాటు కళాశాలను నడిపే పండితులను ఫెలోలు అంటారు.

ట్రినిటీని 1546లో ఎనిమిదవ హెన్రీ రాజు స్థాపించాడు. అప్పటికే రెండు వందల ఏళ్ళకు పైబడి నడుస్తున్న కింగ్స్ హాల్, మైకేల్ హౌస్ అనే రెండు పాత విద్యాసంస్థలను కలిపి, తాను రద్దు చేసిన క్రైస్తవ మఠాల భూములలో కొన్ని దీనికి మాన్యంగా ఇచ్చాడు. మరుసటి సంవత్సరం జనవరిలో ఆయన చనిపోయాడు. అంటే చివరి రోజుల్లో చేసిన సంతకం అన్నమాట. ఆ సంతకం విలువతో కళాశాల ఈనాటికీ నడుస్తున్నది. ముఖద్వారం మీద ఆ రాజు విగ్రహం ఉంది. కుడిచేతిలో రాజదండం ఉండవలసిన చోట కుర్చీ కాలు ఉంటుంది. ఎప్పుడో కుర్రకారు చిలిపిగా మార్చిన దానిని కళాశాల వారు అలాగే ఉంచేశారు.

ద్వారం దాటగానే మహా ప్రాంగణం. 1593 నుండి 1615 వరకు మాస్టరుగా ఉన్న థామస్ నెవిల్ దీనిని తీర్చిదిద్దాడు. మధ్యలో ఫౌంటెను, చుట్టూ తివాచీ పరచినట్లు పచ్చిక. ఆ పచ్చిక మీద ఫెలోలు తప్ప ఇతరులు నడవకూడదు. విద్యార్థి అయినా, చూడవచ్చిన మనలాంటి వాడయినా చుట్టూ రాతి బాట మీదే పోవాలి. నేను ఫొటో కోసం ఒక అడుగు అటు వేయబోతే, నల్ల టోపీ పెట్టుకున్న కాపలా ఉద్యోగి మర్యాదగానే వెనక్కు పిలిచాడు. అక్కడి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది, ఒకసారి మంద్రంగా, ఒకసారి హెచ్చు స్వరంలో. ఆ పచ్చిక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

ఈ ప్రాంగణంలోకి 1661లో ఐజాక్ న్యూటన్ వచ్చాడు. డబ్బున్న విద్యార్థిగా రాలేదు. ఫీజులో రాయితీ కోసం ఇతరులకు సేవలు చేసే పేద విద్యార్థుల వరుసలో చేరాడు. 1667లో ఫెలో అయ్యాడు. 1696 వరకు అక్కడే ఉన్నాడు. ఆయన పాలరాతి విగ్రహం ప్రార్థనా మందిరంలో ఉంది. మన జవహర్‌లాల్ నెహ్రూ గారు 1907 నుండి 1910 వరకు ఇక్కడే చదివారు. పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ కళాశాలలో అంతకు కొద్ది ఏళ్ళ ముందే మన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులయ్యారు. ఇటువంటి చోటికి ఎఫ్.ఏ. పరీక్ష కూడా గట్టెక్కని మద్రాసు గుమాస్తా ఎలా చేరాడన్నదే నేను చెప్పదలచుకున్న కథ.

రామానుజన్ గారు 1887 డిసెంబరు 22న ఈరోడులో మాతామహుల ఇంట జన్మించారు. పెరిగినది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల దుకాణంలో గుమాస్తా, నెలకు 20 రూపాయల జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. పిల్లవాడికి పదిహేను, పదహారేళ్ళ వయసులో కార్ అనే ఇంగ్లీషు ఆయన కూర్చిన లెక్కల సంగ్రహం ఒకటి దొరికింది. వేలకొద్దీ సూత్రాలు తప్ప, వివరణలు పెద్దగా లేని పుస్తకం అది. ఒక్కొక్క సూత్రాన్నీ తానే నిరూపించుకుంటూ పోయాడు. అంతే, మిగతా పాఠాలన్నీ అటకెక్కాయి. కుంభకోణం కళాశాలలో ఇంగ్లీషు తప్పడంతో ఉపకార వేతనం పోయింది.

అప్పుడు, 1905 ఆగస్టులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. పిల్లవాడు కనబడుట లేదని తల్లిదండ్రులు ఆ సెప్టెంబరులో హిందూ పత్రికలో ప్రకటన వేయించారు. తరువాత ఇంటికి చేరాడు. ఆ వయసులో విశాఖ వీధుల్లో ఆ పిల్లవాడి ఎదురుగా వెళ్ళినవారు ఎంతమందో! మరుసటి ఏడు మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరాడు. అక్కడా లెక్కలు తప్ప మిగతావి తప్పి, 1907 నాటికి చదువు అనేది ముగిసిపోయింది. 1909లో జానకితో పెళ్ళయింది. అమ్మాయికి అప్పటికి పదేళ్ళు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, బరువు మాత్రం మీద పడింది.

ఆ పరిస్థితుల్లో ఆయన తన నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని పెద్దల ఇళ్ళ చుట్టూ తిరిగాడు. 1910 చివర మన నెల్లూరు వచ్చాడు. అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు గణితమంటే ఇష్టపడేవారు, భారత గణిత సంఘానికి కార్యదర్శి. ఆయనకు ఆ పుస్తకాలలోనిది అంతా బోధపడలేదు. అయినా ఆ కుర్రవాడు మోసగాడు కాడని బోధపడింది. ఏమి కావాలని అడిగితే, లెక్కలు చేసుకోవడానికి తీరిక, తిండికి లోటు లేకుండా ఉంటే చాలునని రామానుజన్ గారి జవాబు. కలెక్టరు గారు కొంతకాలం నెలకు 25 రూపాయలు పంపారు. కానీ ఊరికే డబ్బు పుచ్చుకోవడం ఆయనకు నచ్చలేదు. ఉద్యోగం చూసుకున్నాడు. అకౌంటెంటు జనరల్ కార్యాలయంలో కొద్ది వారాలు 20 రూపాయల తాత్కాలిక గుమాస్తా. తరువాత 1912 ఫిబ్రవరి 9న పోర్టు ట్రస్టుకు దరఖాస్తు పెట్టి, మార్చి 1న నెలకు 30 రూపాయల జీతం మీద చేరారు.

మిత్రులారా, ఇక్కడి నుంచి నేను ఈ కథను ఒక గుమాస్తా కళ్ళతో చదివాను. ఆ కాలంలో ఆయన ప్రతిభను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన కాగితం ఎవరెవరి బల్లల మీదుగా కదిలిందన్నదే ముఖ్యంగా కనబడింది.

మొదటి బల్ల పోర్టు ట్రస్టు మేనేజరు ఎస్. నారాయణ అయ్యర్ గారిది. ఆయన స్వయంగా గణితం తెలిసినవారు. కింది గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకొని సాయంత్రాలు పలకల మీద లెక్కలు చేసేవారు. రేవులో పారేసిన ప్యాకింగు కాగితాలు ఏరి తెచ్చుకొని లెక్కలు వ్రాసుకునే ఆ కుర్రవాణ్ణి ఆయన మందలించలేదు సరికదా, చైర్మను సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దొరగారికి చెప్పి ఆయనకూ ఆసక్తి కలిగించారు.

రెండవ బల్ల ట్రినిటీలో ఉంది. రామానుజన్ గారు తన సూత్రాలు వ్రాసి కేంబ్రిడ్జిలోని పెద్దలకు పంపగా ఇద్దరు ఏమీ వ్రాయకుండా వెనక్కు పంపేశారు. మూడవది 1913 జనవరి 16 తేదీ ఉత్తరం. అది ట్రినిటీ ఫెలో జి.హెచ్. హార్డీ గారికి. ఊరూ పేరూ తెలియని ఒక గుమాస్తా, రుజువులు లేని వంద పైచిలుకు సూత్రాలు! మొదట ఆయనకూ ఇదేదో మోసమనే అనుమానం వచ్చింది. కానీ చెత్తబుట్టలో వేయలేదు. ఆ రాత్రి అదే కళాశాలలో ఉండే మిత్రుడు లిటిల్‌వుడ్‌ను కూర్చోబెట్టుకొని వరుసగా పరిశీలించాడు. కొన్ని తెలిసినవే, కొన్ని కష్టపడితే రుజువయ్యేవి, కొన్ని మాత్రం అటువంటివి వారు ఎన్నడూ చూడనివి. అర్ధరాత్రికి ఇద్దరికీ అర్థమైంది, ఇది మహా మేధావి వ్రాసిన ఉత్తరమని. ఫిబ్రవరి 8న జవాబు వ్రాశారు.

మూడవ బల్ల మద్రాసు విశ్వవిద్యాలయానిది. అదే నెలలో పోర్టు ట్రస్టుకు వచ్చిన వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ గారు ఆ నోటుపుస్తకం చూసి, ఈయనకు పరిశోధన వేతనం ఇవ్వవలసిందని సిఫారసు చేశారు. ఆయనా పూర్వం ట్రినిటీ ఫెలోయే. అయితే నిబంధన ప్రకారం ఆ వేతనం ఎం.ఏ. చదివినవారికే. మన వాడు ఎఫ్.ఏ. తప్పినవాడు. ఫైలు మీద అబ్జెక్షను వ్రాసి తిప్పిపంపడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది? కానీ ఉపాధ్యక్షులు, హైకోర్టు న్యాయమూర్తి పి.ఆర్. సుందరం అయ్యర్ గారు, విశ్వవిద్యాలయ చట్టం పీఠికలోనే పరిశోధనను ప్రోత్సహించుట అని ఉన్నదని ఎత్తిచూపారు. నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళకు మంజూరైంది. 1913 మే 1 నుంచి రామానుజన్ గారు గుమాస్తా కుర్చీ దిగారు. మొత్తం సర్వీసు 14 నెలలు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. 1980లలో నేను ఒక జిల్లా కార్యాలయంలో పెన్షను సీటు చూసేవాణ్ణి. చనిపోయిన ఒక అటెండరు భార్య కుటుంబ పెన్షనుకు దరఖాస్తు పెట్టుకుంది. సర్వీసు రిజిస్టరులో భర్త ఇంటిపేరు ఒక విధంగా, ఆమె కాగితాలలో మరొక విధంగా ఉంది. నేను అబ్జెక్షను వ్రాసి తిప్పాను. సరిచేసి తెచ్చింది, సాక్షుల సంతకాలు సరిగా లేవని మళ్ళీ తిప్పాను. అలా మూడుసార్లు, పదకొండు నెలలు. ఆమె ప్రతిసారీ పల్లె నుంచి బస్సులో వచ్చి, వరండాలో సాయంత్రం దాకా కూర్చొని వెళ్ళేది. నిబంధన ప్రకారం నా తప్పు ఎక్కడా లేదు. చివరకు మా సూపరింటెండెంటు గారు ఫైలు తెప్పించుకొని, లోపాన్ని మన్నించవలసిందని ఒక్క పేరా నోటు వ్రాసి పై అధికారికి పెట్టారు. రెండు వారాల్లో మంజూరైంది. ఆ ఒక్క పేరా నేనూ వ్రాయగలిగినదే. నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే, తోచాలని నేను ప్రయత్నించలేదు.

సరే, కథలోకి వస్తాను. హార్డీ గారు రామానుజన్ గారిని ఇంగ్లండు రప్పించాలని పట్టుబట్టారు. సముద్ర ప్రయాణం ఆచారానికి విరుద్ధమని మొదట ఈయన ఒప్పుకోలేదు. 1914 మొదట్లో ఉపన్యాసాలకు మద్రాసు వచ్చిన మరొక ట్రినిటీ ఫెలో నెవిల్ గారు దగ్గర కూర్చొని నచ్చజెప్పారు. నామగిరి అమ్మవారు కలలో కనబడి, కుమారుని దారికి అడ్డు రావద్దని తల్లికి చెప్పినట్లు ఆ ఇంటివారి నమ్మకం. గవర్నరు పెంట్లాండ్ ప్రభువు దాకా స్ప్రింగ్ దొరగారు సిఫారసు నడిపించారు. ఏడాదికి 250 పౌన్ల వేతనం మంజూరైంది. దానిలో 50 పౌన్లు కుంభకోణంలో తల్లిదండ్రులకు అందేలా రామానుజన్ గారు ఏర్పాటు చేసుకున్నారు. ట్రినిటీ తన వంతుగా ఏడాదికి 60 పౌన్లు ఇచ్చింది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కారు. పిలక తీయించుకొని, బూట్లు, సూటు వేసుకున్నందుకు ఆయన బాధపడ్డారట.

ఏప్రిల్ 14న లండను చేరి, మొదట నెవిల్ దంపతుల ఇంట్లో ఉండి, వేసవిలో ట్రినిటీకి మారారు. ముఖద్వారానికి ఎదురుగా వీధికి అవతల ఉన్న హ్యూయెల్ ప్రాంగణంలో గది. హార్డీ గారు ఉండేది కూతవేటు దూరంలోనే. రోజూ ఉదయం ఈయన కొత్త సూత్రాలు పట్టుకొని వెళ్ళడం, ఆయన రుజువు కోసం తంటాలు పడడం. చేరి రెండు నెలలైనా గడవకముందే, ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. నెవిల్ పేరుతోనే ఉన్న రెండవ ప్రాంగణం వసారాల్లో గాయపడిన సిపాయిలకు మంచాలు వేశారు. కుర్రవాళ్ళు పుస్తకాలు వదిలి తుపాకులు పట్టుకొని పోయారు. లిటిల్‌వుడ్ ఫిరంగి దళంలో చేరాడు. ఆ యుద్ధంలో చనిపోయిన ట్రినిటీ వారి పేర్లు ప్రార్థనా మందిరం గోడల మీద ఉన్నాయి. ఆరు వందలకు పైగా. మా ఆవిడ ఆ పేర్ల ముందు చాలాసేపు నిలబడింది.

అటువంటి కాలంలో, శాకాహారం తప్ప ముట్టని దక్షిణాది బ్రాహ్మణుడు ఎలా బ్రతికాడో ఊహించండి. కళాశాల భోజనశాలలో అందరూ వరుసగా కూర్చొని తింటారు. అక్కడి వంటలో మాంసపు కొవ్వు తగులుతుందని ఆయన తన గదిలోనే చిన్న పొయ్యి మీద వండుకునేవారు. బట్ట మార్చుకోకుండా వంట మొదలుపెట్టేవారు కారు. లెక్కలో మునిగితే తిండి ధ్యాస ఉండేది కాదు. యుద్ధంతో పాలు, పండ్లు కరువయ్యాయి. ఓడలు మునిగిపోతుంటే ఇంటి నుంచి వచ్చేవీ తగ్గాయి.

ఆ రోజుల్లో పక్కనే కింగ్స్ కళాశాలలో చదివే ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒక చలికాలం ఆయనను చూడడానికి వెళ్ళారు. గదిలో రాత్రులు వణికిపోతున్నానని, కోటు వేసుకొని శాలువ కప్పుకొని పడుకుంటున్నానని రామానుజన్ గారు చెప్పారు. మహలనోబిస్ పడక గదిలోకి వెళ్ళి చూస్తే, మంచం మీద కంబళ్ళు చక్కగా అంచులు దూర్చి పరచి ఉన్నాయి. పై దుప్పటి ఎత్తి, కంబళ్ళ మధ్య దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైనే పడుకున్నారు. చూపించగానే ఆశ్చర్యపోయారు. మా అమ్మాయి ఇంట్లో మొదటి రాత్రి నేనూ ఇంచుమించు అదే పని చేశాను కాబట్టి నాకు నవ్వు రాలేదు.

అయినా పని ఆగలేదు. 1916 మార్చిలో పరిశోధనకు గాను బి.ఏ. పట్టా వచ్చింది. హార్డీతో కలిసి చేసిన పనుల్లో ఒకటి మనకు కూడా అర్థమయ్యేది చెబుతాను. 4 అనే అంకెను ఎన్ని విధాలుగా విడగొట్టి కూడవచ్చు? 4, 3, 1, 2, 2, 2, 1, 1, 1, 1, 1, 1. మొత్తం 5 విధాలు. 10 అయితే 42 విధాలు. 100 అయితే 19,05,69,292 విధాలు. 200 దగ్గరకు వస్తే లక్షల కోట్లలోకి పోతుంది. వరుసగా లెక్కించకుండా నేరుగా ఆ సంఖ్యకు చేరుకునే సూత్రాన్ని వీరిద్దరూ కనిపెట్టారు. మేజర్ మాక్‌మాన్ అనే గణిత పండితుడు చేత్తో 200 వరకు లెక్క కట్టి ఉంచాడు. సూత్రం ప్రకారం వచ్చిన జవాబు దానితో సరిపోయింది. ట్రెజరీ లెక్క, మన లెక్క పైసాతో సహా సరిపోయిన రోజు మనకు కలిగే ఆనందం గుర్తుందా? దానికి వేయి రెట్లు ఊహించుకోండి.

1917లో జబ్బుపడ్డారు. క్షయ అని వైద్యులు అనుకున్నారు. పాత జిగట విరేచనాల వ్యాధి కాలేయానికి పాకి ఉంటుందని తరువాతి కాలపు వైద్యుల పరిశీలన. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి మారుతూ ఒంటరిగా గడిపారు. ఇంటి నుంచి ఉత్తరాలు సరిగా రాలేదు. జానకి వ్రాసినవి అత్తగారు పోస్టు కానివ్వలేదని తరువాత తెలిసింది. ఆ ఏడే ట్రినిటీ ఫెలోషిప్పుకు ఆయన పేరు వెళ్ళింది, తిరస్కరించారు. చర్మపు రంగు కూడా దానికి ఒక కారణమని అదే కళాశాల లిటిల్‌వుడ్ తరువాత చెప్పారు. నాలుగు వందల ఏళ్ళకు చేరువైన విద్యాలయమైనా, మనుషులు మనుషులే.

కానీ ఆ ఫైలు అక్కడితో మూయలేదు. 1918 మేలో ఆయన రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1841లో ఎన్నికైన అర్దసీర్ కర్సెట్జీ తరువాత ఆ గౌరవం పొందిన రెండవ భారతీయుడు. రాయల్ సొసైటీ ఫెలోను కాదనడం ఎలాగని లిటిల్‌వుడ్ కళాశాలలో వాదించారు. 1918 అక్టోబరులో ట్రినిటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆరేళ్ళ పాటు ఏడాదికి 250 పౌన్లు, ఏ షరతూ లేకుండా.

ఇప్పుడు ఆ పచ్చిక సంగతి. ఆ ఎన్నికతో మహా ప్రాంగణపు పచ్చిక మీద నడిచే హక్కు మన మద్రాసు గుమాస్తాకు వచ్చింది. అయితే అప్పటికి ఆయన లండను ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. పుట్నీలో ఆసుపత్రికి హార్డీ గారు ట్యాక్సీలో వచ్చి, దాని నంబరు 1729 ఏమంత విశేషమైనది కాదన్నట్లు చెబితే, కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయగల అతి చిన్న సంఖ్య అదేనని పడుకునే చెప్పిన కథ మీకు తెలిసినదే. 1, 12ల ఘనాలు కూడినా, 9, 10ల ఘనాలు కూడినా 1729 వస్తుంది. మనవలకు చెప్పి చూడండి.

అంతకంటే నాకు ఎక్కువగా నచ్చినది 1919 జనవరి 11న ఆసుపత్రి నుంచి ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు వ్రాసిన ఉత్తరం. విశ్వవిద్యాలయం ఆయనకు ఏడాదికి మరో 250 పౌన్లు అయిదేళ్ళ పాటు ఇస్తామని తెలిపింది. దానికి జవాబుగా, అంత డబ్బు తన అవసరానికి మించినదని, ఖర్చులు పోను ఏడాదికి 50 పౌన్లు తల్లిదండ్రులకు ఇచ్చి, మిగిలినది పేద పిల్లలకు, అనాథలకు ఫీజుల తగ్గింపుకు, బడులలో పుస్తకాలకు వాడవలసిందని కోరారు. ఫీజు కట్టలేని బాధ ఆయన మరచిపోలేదు.

1919 ఫిబ్రవరి 27న ఓడ ఎక్కి, మార్చి 27న బొంబాయి చేరారు. ఏడాది పాటు జానకి గారు పక్కన ఉండి సేవ చేశారు. మంచం మీదే కాగితాల మీద లెక్కలు సాగాయి. 1920 జనవరిలో హార్డీకి చివరి ఉత్తరం. ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. వయసు 32.

పుస్తకాలు చాలావరకు ఇక్కడ ఆగిపోతాయి. మనం పెన్షనర్లం కాబట్టి తరువాతి పేజీ కూడా తిప్పుదాం. 21 ఏళ్ళ జానకి గారికి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 20 రూపాయలు పెన్షను ఇచ్చింది. ఆమె బొంబాయిలో సోదరుని ఇంట కొంతకాలం ఉండి, కుట్టుపని నేర్చుకొని, 1931లో మద్రాసు తిరిగి వచ్చి ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టి బ్రతికారు. 1950లో ఒక అబ్బాయిని పెంచుకొని బ్యాంకు అధికారిని చేశారు. చివరి దశలో పోర్టు ట్రస్టు వారు జీవితకాల పెన్షను ఇచ్చారు. 14 నెలల సర్వీసుకు ఏ పెన్షను నిబంధన వర్తిస్తుందో మన సంఘంలో ఎవరైనా చెప్పగలరా? ఎవరో ఒకరు కూర్చొని ఆ ఒక్క పేరా నోటు వ్రాసి ఉంటారు. తమిళనాడు, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆమెకు పెన్షను ఇచ్చింది. మన ప్రభుత్వ ఉద్యోగులుగా మనం గర్వించవలసిన విషయం. అయితే చాలా ఆలస్యంగా అందిన గౌరవమని కూడా ఒప్పుకోవాలి.

ట్రినిటీలో చివరగా మేము రెన్ గ్రంథాలయం చూశాము. సర్ క్రిస్టఫర్ రెన్ రూపకల్పన చేయగా 1676లో మొదలుపెట్టి 1695లో పూర్తి చేశారు. నదివైపు ఉన్న పొడవైన మేడ, పెద్ద కిటికీలు, నలుపు తెలుపు చలువరాళ్ళు, చెక్క మీద పువ్వుల చెక్కడాలు. న్యూటన్ పుస్తకాలు అక్కడే ఉన్నాయి. 1976లో జార్జి ఆండ్రూస్ అనే అమెరికా ఆచార్యుడు అక్కడ ఒక పాత పండితుని కాగితాల పెట్టె తెరిస్తే, రామానుజన్ గారి దస్తూరీలో వందకు పైగా పుటలు కనబడ్డాయి. చివరి ఏడాది మంచం మీద వ్రాసినవి! చేతులు మారుతూ 1968లో ట్రినిటీకి చేరి, ఎవరి కంటా పడకుండా ఉన్నాయి. 1987 డిసెంబరులో శతజయంతి నాడు ఆ పుటల ప్రతిని అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ గారు మద్రాసులో విడుదల చేసి, మొదటి ప్రతిని జానకి గారి చేతిలో పెట్టారు. రాజీవ్ గారూ ట్రినిటీ విద్యార్థే. ఆమె 1994లో తనువు చాలించారు.

ఆ పుటలు నేను చూడలేదు. చూసినా నాకు అర్థం కావు. గ్రంథాలయం మెట్లు దిగి, పచ్చిక పక్కన రాతి బాట మీద నడుస్తూ నేను ఆ అటెండరు భార్యను తలచుకున్నాను. ఆమె వరండాలో కూర్చున్న చోటు ఇప్పటికీ నాకు గుర్తే.

మిత్రులకు ఒక మనవి. మీ వీధిలో, మీ బంధువులలో ఎవరికైనా కుటుంబ పెన్షను పేరు తేడా వల్లనో, తేదీ తేడా వల్లనో ఆగి ఉంటే, కాగితాలు పట్టుకొని మన సంఘ కార్యాలయానికి రమ్మని చెప్పండి. ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి నేను అక్కడే ఉంటాను. దరఖాస్తు నేను వ్రాసి పెడతాను. కళ్ళజోడు మారింది గానీ, దస్తూరీ ఇంకా బాగానే ఉంది.

సెలవు.

— సంఘ జీవిత సభ్యుడు